ఎకరం బాయిలర్

పసుపు తవ్వకాలు ముమ్మరంగా సాగుతున్న ఫిబ్రవరిలో, జక్రాన్‌పల్లి దగ్గర ఆత్మారాం బాయిలర్ ఆగిపోయింది.

నాలుగు డ్రమ్ముల పెద్ద బాయిలర్ అది. ఆత్మారాం దాన్ని ట్రాక్టర్‌కు తగిలించి ఊరూరా తిప్పుతాడు. రైతులు తవ్వి కుప్పలు పోసిన పసుపును ఆవిరి మీద ఉడికించి ఇస్తాడు. ఉడికించకుండా ఎండబెట్టిన పసుపును మార్కెట్‌లో ఎవరూ ముట్టరు. అందుకే ఆ నెలన్నర రోజులు బాయిలర్ ఎవరి చేను దగ్గరుంటే ఊరి చూపంతా అక్కడే ఉంటుంది. ఆవిరి పని తెలిసిన మేస్త్రీ దగ్గర్లో లేక, ఎవరో చెబితే బోధన్‌కు ఫోన్ చేశారు. మరునాడు పొద్దున ఇనాయత్ వచ్చాడు. బైక్ వెనక అతని కూతురు ఇఫ్రా, ఒళ్లో పనిముట్ల సంచి.

ఇనాయత్‌కు యాభై ఎనిమిదేళ్లు. వయసులో ఉన్నప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో ఫిట్టర్. ఫ్యాక్టరీ మూతపడ్డాక చిన్న వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. గేట్లు, కిటికీ జాలీలు, ట్రాలీ రిపేర్లు చేసి ఇల్లు నడిపాడు. ఇఫ్రా నిజామాబాద్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి తండ్రి షాపులోనే కొలతలు, డ్రాయింగులు చూసుకుంటోంది.

ఇనాయత్ బాయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి, సేఫ్టీ వాల్వ్ దగ్గర ఆగాడు. ఆవిరి ఎక్కువైతే తనంతట తాను తెరుచుకోవాల్సిన వాల్వ్ అది. దాన్ని బైండింగ్ వైరుతో బిగించి కట్టేశారు.

"ఇదెవరు కట్టిండ్రు?"

"నేనే అన్నా" అన్నాడు ఆత్మారాం. "ఊకె ఆవిరి ఇడుస్తున్నది. లైన్ల ముప్పై మంది రైతులున్నరు, అందరికి తొందరే."

"ఒక్కనాడు ఇది పగిలితే లైన్ల ఎవ్వడు మిగలడు." ఇనాయత్ వైరు కత్తిరించి పారేశాడు. లీకైన చోట కొత్త ప్యాకింగ్ వేసి, మధ్యాహ్నానికల్లా బాయిలర్‌ను నడిపించాడు.

చేతులు కడుక్కుంటుంటే ఒకావిడ దగ్గరికొచ్చింది. పేరు రేణుకమ్మ. ఎకరం పసుపు వేసింది. ఊళ్లో మహిళా సంఘానికి ఆమే పెద్ద.

"అన్నా, ఇంత పెద్ద బండి నా ఎకరం కాడికి ఎప్పుడొస్తది? పెద్ద కుప్పలన్ని అయినంకనే మా తీరు చిన్నోళ్లది. ఇంకా పది రోజులంటుండు. నాకొక చిన్నది చేసియ్యరాదు? ఇద్దరు ఆడోళ్లు జరుపుకునేటట్టు."

"చూస్త చెల్లె" అన్నాడు ఇనాయత్, వెళ్లిపోయేవాళ్లు అనే మాటలాగే. ఇఫ్రా మాత్రం ఆమె నంబర్ రాసుకుంది.

ఆ వారం చివర్లో వాన పడింది. ఇఫ్రా ఫోన్ చేస్తే రేణుకమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "వచ్చి సూడు బిడ్డా" అంది అంతే. ఇఫ్రా బస్సెక్కి వెళ్లింది. పైన కప్పిన టార్పాలిన్ కిందికి నీళ్లు చేరి కుప్ప అడుగంతా మెత్తబడింది. చెయ్యి పెడితే వేళ్లకు జిగురంటింది. ఏడాది కాపు కుళ్లితే అలాంటి వాసన వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం షాపుకు వచ్చి తండ్రితో అంది: "అబ్బాజాన్, చేద్దాం."

నెల రోజుల్లో మొదటి యంత్రం తయారైంది. ఒక చిన్న నీళ్ల ట్యాంకు, దాని కింద పొయ్యి, పక్కన పసుపు పోసే ఒక్క డ్రమ్ము, రెండు చక్రాలు. ఇనాయత్ దాన్ని ఫ్యాక్టరీ పనిలాగే చేశాడు. మందపాటి రేకు, ఒత్తిడి చూపే గేజీ, చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల ప్రెషర్. ఆవిరి విడిస్తే షాపు ముందు కుక్కలు పరుగెత్తాయి. ఏళ్ల తర్వాత ఆ చప్పుడు విని ఇనాయత్ మీసాల కింద నవ్వుకున్నాడు.

పల్లెల్లో కొత్త పరికరాలు చేసేవాళ్లకు ప్రభుత్వం సాయం చేస్తుందని ఇఫ్రా ఎక్కడో చదివి దరఖాస్తు పెట్టింది. జవాబు రాదనే అనుకున్నారు. మూడో వారంలో నిజామాబాద్ నుంచి సుష్మ అనే అధికారి నేరుగా షాపుకే వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వంగి పొయ్యిలోకి చూసింది, వెల్డింగ్ మీద వేలు పెట్టి రాసింది, గేజీ ముందు నిలబడి చాలాసేపు ముల్లును గమనించింది.

"ఇనాయత్ భాయ్, పనితనం మాటల్లో చెప్పలేను. కానీ దీన్ని నేను సిఫార్సు చెయ్యలేను."

ఇనాయత్ మొహం మారిపోయింది. "ఎందుకు మేడం?"

"ఈ ప్రెషర్‌తో ఇది బాయిలర్ చట్టం కిందికి వస్తుంది. ప్రతి యంత్రానికీ ఇన్‌స్పెక్టర్ తనిఖీ, రిజిస్ట్రేషన్, నడిపేవాళ్లకు సర్టిఫికెట్ కావాలి. రేణుకమ్మ సంఘంలో ఆ సర్టిఫికెట్ ఎవరికుంది చెప్పండి?"

"నాకున్నది కదా! ఆవిరితోనే బతికినోణ్ని నేను. నా చేతి బాయిలర్ పగులుతదా?"

"మీ చేతిలో పగలదు. మీరు దీన్ని అమ్మేస్తరు. తర్వాత ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుస్తదా?"

వైరుతో కట్టేసిన వాల్వ్ ఇనాయత్‌కు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకే ఇంకా కోపమొచ్చింది. "సర్కారోళ్లు వచ్చేది ఇది వద్దు, అది వద్దు అని చెప్పనీకే" అని గొణిగి, వెల్డింగ్ అద్దాలు పెట్టుకొని ఎవరిదో గేటు పనిలో పడ్డాడు.

సుష్మ నొచ్చుకోలేదు. వెళ్తూ ఇఫ్రాతో అంది: "సోమవారం ఆఫీసుకు రా. ఆ చట్టం నేను పూర్తిగా చదవలేదు. ఇద్దరం కూర్చొని చదువుదాం."

అధికారి తనకు తెలియదని ఒప్పుకోవడం ఇఫ్రా అంతవరకూ చూడలేదు. సోమవారం వెళ్లింది. ఒక్కో నిబంధననూ సుష్మ పైకి చదువుతుంటే ఇఫ్రా డ్రాయింగ్ మీద గుర్తులు పెట్టుకుంది. మధ్యాహ్నం దాటాక ఇద్దరి వేళ్లూ ఒకే వాక్యం మీద ఆగాయి. ఒక కిలో కన్నా తక్కువ ప్రెషర్‌తో తయారై, అంతకన్నా తక్కువలోనే పనిచేసే పాత్రను ఆ చట్టం బాయిలర్‌గా లెక్కించదు.

"అంటే వద్దనలేదు మేడం, హద్దు చెప్పింది" అంది ఇఫ్రా.

"హద్దు లోపల పసుపు ఉడుకుతదా? అది మీ నాన్ననే అడగాలి."

ఇంటికొచ్చి చెబితే ఇనాయత్ ముందు కొట్టిపారేశాడు. "కిలో కన్న తక్కువనా? అది ఆవిరి కాదు, చాయ్ మీది పొగ." అన్నం తిన్నాక కూడా అదే మాట. మరునాడు పొద్దున షాపు షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ సగంలో ఆగిపోయాడు.

"ఇఫ్రా, ఫ్యాక్టరీల చెరుకు రసం దేంతోని మరిగిస్తుంటిమో తెలుసా?"

"బాయిలర్ ఆవిరితోని."

"కాదు బేటా. బాయిలర్ ఆవిరి ముందుగాల టర్బైన్ తిప్పుతుండె. తిప్పి తిప్పి దమ్ము పోయినంక, ఆ అలిసిన ఆవిరే రసం కాడికి పోతుండె. దాంట్ల జోరు లేకుండె, వేడి మాత్రం ఉండె. ఊరంత చెరుకు దాంతోనే మరిగింది. జోరు వేరు, వేడి వేరు. ఇన్నేండ్లు పనిచేసి నేనే మర్చిపోయిన."

ఆ రోజు గేట్ల పని ముట్టుకోలేదు. కొత్త యంత్రానికి అసలు వాల్వే వద్దనుకున్నారు. వాల్వ్ ఉంటే ఎవరో ఒకరు కట్టేస్తారు. దాని బదులు ఇఫ్రా ఒక నిలువు గొట్టం గీసింది. పది అడుగుల ఎత్తు, పై కొస తెరిచి ఉంటుంది, కింది కొస ట్యాంకు నీళ్లలో మునిగి ఉంటుంది. లోపల ఆవిరి బలం పెరిగితే నీళ్లు గొట్టంలో పైకెక్కుతాయి. మరీ పెరిగితే పైనుంచి పొంగి, వెనక పెట్టిన బకెట్‌లో పడతాయి. ఆ ఎత్తుకు మించిన ప్రెషర్ ఆ ట్యాంకులో నిలవనే నిలవదు. చట్టం చెప్పిన హద్దులో అది మూడో వంతు కూడా కాదు. తిప్పడానికి మర లేదు, బిగించడానికి స్ప్రింగు లేదు.

డ్రాయింగ్‌లోని గొట్టం వెంట ఇనాయత్ కింది నుంచి పై కొస దాకా వేలు నడిపాడు. తర్వాత దాన్ని గోడకు అంటించాడు.

అయితే బొమ్మ గీసినంత తేలిగ్గా పసుపు ఉడకలేదు. ప్రభుత్వ సాయం పథకం కింద సుష్మ పసుపు పరిశోధన కేంద్రంలో పరీక్షకు ఏర్పాటు చేయించింది. అలాంటి సాయం లేకపోతే చిన్న షాపువాళ్లు పరిశోధన కేంద్రం గడప తొక్కే పనే ఉండదు. శాస్త్రవేత్త రవీందర్ థర్మామీటర్లతో నిలబడ్డాడు. రేణుకమ్మ చేతిలో చీపురుపుల్ల పట్టుకొని వచ్చింది. ఉడికిన పసుపు కొమ్ములో పుల్ల ఆగకుండా దిగాలి, అదీ ఆమె పరీక్ష. డ్రమ్ము దించి చూస్తే అంచుల్లో పుల్ల వెన్నలోకి దిగినట్టు దిగింది. నడుమ ఉన్న కొమ్ముల్లో పటుక్కున విరిగింది. రవీందర్ లెక్కలూ అదే చెప్పాయి.

"ప్రెషర్ ఉంటే నడుమకు దూరుతుండె" అన్నాడు ఇనాయత్ నీరసంగా.

"గొట్టం ఎత్తు పెంచుదాం అబ్బా. ఇరవై అడుగులు పెట్టినా హద్దులనే ఉంటం."

"ఇర్వై అడుగుల గొట్టం నా సేన్ల ఎట్ల నిలవెడ్తవు బిడ్డా? గాలికే పడతది" అంది రేణుకమ్మ. డ్రమ్ములోకి తొంగి చూస్తూ నెమ్మదిగా అంది: "మేం మక్కజొన్న కంకులు ఉడకేస్తే గిన్నె నిండ కుక్కం. నడుమ ఇంత సందు ఇడుస్తం. ఆవిరి అండ్లకెళ్లి మీదికొస్తది."

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండు వారాల తర్వాత డ్రమ్ము నడిమధ్యలో చిల్లుల గొట్టం ఒకటి నిలబడింది. ఆవిరి అడుగునుంచి మాత్రమే కాకుండా కడుపులోంచి కూడా పసుపులోకి పాకింది. ఈసారి రేణుకమ్మ పుల్ల పెట్టిన ప్రతి చోటా దిగింది. రవీందర్ రంగు, సారం అన్నీ పరీక్షించి, పెద్ద బాయిలర్‌లో ఉడికినదానికి ఇది ఏమాత్రం తీసిపోదని రాసి సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది జాబితా. సబ్సిడీ మీద ఇచ్చే యంత్రాల జాబితాలో పసుపు బాయిలర్ అంటే కనీసం నాలుగు డ్రమ్ములు ఉండాలని ఉంది. దాన్ని అద్దెకు తిప్పేవాళ్లను దృష్టిలో పెట్టుకొని రాసిన మాట అది. తప్పుడు ఉద్దేశంతో రాసింది కాదు, కానీ ఒక్క డ్రమ్ము యంత్రానికి అందులో చోటు లేదు. జాబితాలో లేని యంత్రాన్ని కొనే ధైర్యం ఎకరం రైతుకు ఉండదు.

సబ్సిడీలు తేల్చే జిల్లా కమిటీ ముందుకు వెళ్లేముందు సుష్మ ఒక పని చేసింది. ఇఫ్రాను వెంటబెట్టుకొని రెండు నెలల పాటు సెలవు రోజుల్లో మూడు ఊళ్లు తిరిగింది. పోయిన సీజన్‌లో ఎవరి కుప్ప బాయిలర్ కోసం ఎన్ని రోజులు ఆగిందో ఇంటింటా అడిగి రాసుకుంది. చిన్న కుప్పలే ఎక్కువ రోజులు ఆగాయని ఆ కాగితాలు చెప్పాయి.

నిజామాబాద్‌లో కమిటీ కూర్చున్న రోజు రేణుకమ్మను కూడా పిలిపించింది. ఒక పెద్దాయన అడిగాడు: "పెద్ద బాయిలర్లకు సాయం చేస్తున్నం కదమ్మా, మళ్లీ ఇదెందుకు?"

రేణుకమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. "చేస్తుండ్రు సారూ, మంచిదే. కాదనను. గని అది నా కుప్ప కాడికి వచ్చేవరకు వాన ముందొస్తున్నది. వాన నా సుట్టం కాదు, ఆగమంటే ఆగది. మీరు జెర ముందు రాండ్రి, అంతే."

ఎవరూ నవ్వలేదు. కమిటీ అధ్యక్షుడు కాగితాలు తిరగేసి, జాబితా మార్చడం తమ చేతిలో లేదన్నాడు. అప్పుడు సుష్మ ఆ జాబితా ఉన్న ప్రభుత్వ ఉత్తర్వులోనే ఏడో పేరా తీసి ముందు పెట్టింది. పరీక్షలో నెగ్గిన కొత్త పరికరాన్ని ఒక సీజన్ పాటు ప్రయోగంగా కొని రైతు సంఘాలకు ఇవ్వవచ్చని అందులో ఉంది. ఉత్తర్వు వచ్చిన దగ్గర్నుంచి ఆ పేరాను ఆ జిల్లాలో ఎవరూ వాడలేదు.

"ఇది ఉన్న సంగతి నాకు కూడా గుర్తు లేదు" అన్నాడు అధ్యక్షుడు. ఆ సాయంత్రమే అయిదు యంత్రాలకు అనుమతి వచ్చింది.

ఇనాయత్‌కు ఆ కాగితం ఇస్తే రెండుసార్లు చదివించుకున్నాడు. సర్కారే మొదటి గిరాకీ అవుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. బాయిలర్ హౌస్‌లో తనతో పనిచేసిన రామ్‌దాస్ ఇంటికెళ్లి, "ఇంట్ల కూసుండి ఏం జేస్తవ్, నడువు" అని పిల్చుకొచ్చాడు. రామ్‌దాస్ వెంట ఇంకో ఇద్దరు పాత ఫిట్టర్లు వచ్చారు. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటూనే ఆ ముగ్గురూ వేసిన వెల్డింగ్ చూసి ఇఫ్రా తన కొలతల పుస్తకంలో మూడు పేజీలు కొత్తగా రాసుకుంది.

సీజన్ మొదలయ్యే ముందే సుష్మకు వేరే జిల్లాకు బదిలీ అయింది. ఇక అంతా ఆగిపోతుందని ఇనాయత్ భయపడ్డాడు. ఆగలేదు. కొత్తగా వచ్చిన అధికారికి ఫైలు చదివితే సరిపోయింది, ఎవర్నీ ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు. ఎందుకు చేశారో, ఏది తప్పిందో, ఎట్లా సరిదిద్దారో సుష్మ అన్నీ వరసగా రాసిపెట్టి పోయింది. మొదటి పరీక్షలో ఓడిపోయిన సంగతి కూడా దాచలేదు.

అయిదు యంత్రాలూ అయిదు సంఘాలకు వెళ్లాయి. ఒక ఊళ్లో నీళ్లు పొంగి వృథా అవుతున్నాయని ఎవరో నిలువు గొట్టం పై కొసలో పాత బట్ట కుక్కారు. సంఘం వాళ్లు చూసి లాగేసి ఫోన్ చేశారు. ఇఫ్రా మొదటి బస్సుకే వెళ్లింది. ఎవర్నీ తిట్టలేదు. అయిదింటినీ వెనక్కి తెప్పించి, గొట్టం పైభాగంలో చుట్టూ నిలువు చీలికలు కోసింది. ఇప్పుడు కొస మూసినా నీళ్లు పక్కలనుంచి పోతాయి. "జనం ఏం జేస్తరో కూడా డ్రాయింగ్‌ల ఉండాలె" అని తండ్రితో అంది.

రేణుకమ్మ సంఘంలో పన్నెండు మంది. తవ్విన మూడో రోజుకే ఒక్కొక్కరి పసుపు ఉడికి కల్లానికి చేరింది. మండలు, అంటే లావుపాటి తల్లి దుంపలు ముందు, కొమ్ములు తర్వాత, వేరువేరుగా ఉడికించుకున్నారు. పెద్ద బాయిలర్‌లో అంత తీరిక ఎప్పుడూ దొరకలేదు. ఆ ఏడు కూడా మార్చిలో ఒకసారి వాన పడింది. అప్పటికి వాళ్ల పసుపు ఎండి బస్తాల్లో ఉంది. ఊళ్లో దాన్ని ఎకరం బాయిలర్ అని పిలవడం మొదలుపెట్టారు. ఇఫ్రా పెట్టిన పొడుగాటి ఇంగ్లీషు పేరు ఎవరికీ గుర్తు లేదు.

మరుసటి ఏడు జాబితా మారింది. "ఒక డ్రమ్ము, తక్కువ ప్రెషర్" అని కొత్త వరుస చేరింది. యంత్రాన్ని ఇంకెవరైనా చేసుకోవచ్చు, నిలువు గొట్టం కొలతలు మాత్రం తప్పకూడదని షరతు పెట్టారు. ఆర్మూర్‌లో ఒకరు, చందూర్‌లో ఒకరు తయారీ మొదలుపెట్టారు. రామ్‌దాస్ గునిశాడు గానీ ఇనాయత్ అన్నాడు: "పసుపు మస్తున్నది రామ్‌దాస్, మన నలుగురితోని అయితదా?"

ఆ ఎండాకాలం నిజామాబాద్‌లో రైతుల సదస్సు పెట్టి యంత్రాన్ని చూపించమన్నారు. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లనుంచి కూడా ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో వాళ్లు మరాఠీలో మాట్లాడుకుంటూ యంత్రం చుట్టూ మూగారు. సుష్మ తను పనిచేస్తున్న జిల్లానుంచి సెలవు పెట్టి వచ్చి వెనక వరసలో నిలబడింది. వేదిక మీదికి ఇనాయత్‌ను పిలిస్తే, అతను కదలకుండా కూతురి వైపు చెయ్యి చూపించాడు.

ఇఫ్రా మైకు పట్టుకుంది. మొదట్లో రాసుకొచ్చిన కాగితం చూసి చదివింది. నిలువు గొట్టం దగ్గరికి వచ్చేసరికి దాన్ని మడిచి పక్కన పెట్టేసింది. తెలుగులో చెప్పి, అర్థం కానివాళ్లకు ఉర్దూలో చెప్పి, పొయ్యి వెలిగించి ఆవిరి తెప్పించింది.

ఇనాయత్ పక్క కుర్చీలో కూర్చున్న రైతు అతని మోచేతిని తట్టాడు. "ఆ పిల్ల ఎవరు భాయ్? మంచిగ చెప్తున్నది."

"మా ఇంజనీర్ సాబ్" అన్నాడు ఇనాయత్. ముందుకు వంగి కూర్చొని, ఆమె చెప్పేదంతా కొత్తగా వింటున్నవాడిలా వినసాగాడు.